మీ ఇన్‌హేలర్ ఏ రిసెప్టర్ మీద పనిచేస్తుందో తెలుసుకుని వాడటం ఎలా?

ఇంట్లో ఉన్న ఉబ్బసం మందులన్నీ ముందు ఒకచోట పెట్టండి. ఇన్‌హేలర్లు, రోటాక్యాప్‌లు (పీల్చే పొడి మందు ఉన్న క్యాప్సూల్స్), నెబ్యులైజర్‌లో పోసే రెస్పూల్స్, మాత్రలు, దగ్గు సిరప్‌లు, ఏదీ వదలకండి. బ్రాండు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదివి, దాన్నిబట్టి గుంపులు చేయండి. రంగుల్ని నమ్ముకోవద్దు. నీలం అంటే ఆయాసానికి, వేరే రంగు అంటే రోజూ వాడేది అన్న గుర్తు అన్ని కంపెనీల దగ్గరా ఒకేలా ఉండదు. ఒకే రకం మందు రెండు మూడు రూపాల్లో ఒంట్లోకి పోతుంటే ఈ పనితోనే బయటపడుతుంది.

మొదటి అడుగు: నాలుగు గుంపులు చేయండి

రిసెప్టర్ అంటే కణం మీద మందు వచ్చి తగిలే చోటు. మొదటి గుంపు బీటా-2 రిసెప్టర్‌ను ప్రేరేపించేవి. సాల్బుటమాల్ (ఆస్థాలిన్), లెవోసాల్బుటమాల్ (లెవోలిన్), టెర్బుటలిన్ కొన్ని గంటలే పనిచేస్తాయి. ఫార్మోటెరాల్, సాల్మెటెరాల్ పన్నెండు గంటలు, విలాంటెరాల్, ఇండకాటెరాల్ ఇరవై నాలుగు గంటలు పనిచేస్తాయి. దగ్గు సిరప్ వెనక చదివితే చాలాసార్లు టెర్బుటలిన్ గానీ లెవోసాల్బుటమాల్ గానీ కనిపిస్తుంది. అలాంటి సిరప్ తాగుతూ, ఇన్‌హేలర్ పీలుస్తూ, పైగా సాల్బుటమాల్ మాత్ర వేసుకుంటే చేతులు వణకడంలో, గుండె దడదడలాడటంలో వింత లేదు. మూడూ ఒకే రిసెప్టర్ మీద పడుతున్నాయి.

రెండో గుంపు మస్కరినిక్ రిసెప్టర్‌ను అడ్డుకునేవి: ఇప్రాట్రోపియం, టియోట్రోపియం, గ్లైకోపైరోనియం. నెబ్యులైజర్‌లో వాడే డుయోలిన్‌లో లెవోసాల్బుటమాల్, ఇప్రాట్రోపియం రెండూ కలిసి ఉంటాయి.

మూడో గుంపు థియోఫిలిన్, డాక్సోఫిలిన్, డెరిఫిలిన్ లాంటి మాత్రలు. నాలుగో గుంపు బుడెసొనైడ్, ఫ్లూటికాసోన్, బెక్లోమెథాసోన్ లాంటి స్టీరాయిడ్లు. ఈ నాలుగో గుంపు శ్వాసనాళాన్ని అప్పటికప్పుడు తెరవదు. అయినా ఉబ్బసం అదుపులో ఉండేది దీనివల్లే.

ఫోరాకార్ట్, సెరోఫ్లో లాంటి జంట మందుల్ని రెండు గుంపుల్లోనూ రాసుకోండి. ఫోరాకార్ట్‌లో ఉన్నవి ఫార్మోటెరాల్, బుడెసొనైడ్. సెరోఫ్లోలో ఉన్నవి సాల్మెటెరాల్, ఫ్లూటికాసోన్. ఈ తేడా కింద మళ్ళీ అవసరమవుతుంది.

రెండో అడుగు: లోపల జరిగేది తెలుసుకోండి

శ్వాసనాళాల గోడలో నునుపు కండరం చుట్లు చుట్లుగా ఉంటుంది. దుమ్ము, పొగ, చల్లగాలి, జలుబు వైరస్ లాంటివి తగిలినప్పుడు ఉబ్బసం ఉన్నవాళ్ళలో ఆ కండరం బిగుసుకుంటుంది, లోపలి పొర వాస్తుంది, కఫం పేరుకుంటుంది. గాలి పోయే దారి ఈ మూడింటివల్లా ఇరుకవుతుంది. బ్రాంకోడైలేటర్ల (శ్వాసనాళాన్ని తెరిచే మందుల) పని ముఖ్యంగా మొదటిదాని మీద, అంటే కండరం మీదే.

ఆ కండర కణాల పైపొరలో బీటా-2 రిసెప్టర్లు ఉంటాయి. వీటిని ఇంటి గుమ్మం బయట ఉండే కాలింగ్ బెల్ అనుకోండి. సాల్బుటమాల్ కణం లోపలికి వెళ్ళనక్కర్లేదు, బయటి నుంచి నొక్కితే చాలు. రిసెప్టర్ ఆకారం మారి, లోపలి వైపున్న జి-ప్రోటీన్‌ను కదిలిస్తుంది. అది అడెనైల్ సైక్లేజ్ అనే ఎంజైమును పనిలోకి దింపుతుంది. ఆ ఎంజైము ఏటీపీ (కణానికి శక్తినిచ్చే పదార్థం) నుంచి సైక్లిక్ ఏఎంపీ అనే సందేశ రసాయనాన్ని తయారు చేస్తుంది. సైక్లిక్ ఏఎంపీ పెరిగేకొద్దీ కణంలో కాల్షియం తగ్గుతుంది, బిగుసుకున్న కండరం సడలుతుంది. ఈ జాతి రిసెప్టర్ల పనితీరును తేల్చినందుకే రాబర్ట్ లెఫ్కోవిట్జ్, బ్రయాన్ కోబిల్కాలకు 2012లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. వాళ్ళు ఎక్కువగా పరిశోధించింది ఈ బీటా-2 రిసెప్టర్‌నే.

పీల్చిన సాల్బుటమాల్ ఐదు నిమిషాల్లోపే పని మొదలుపెడుతుంది. సుమారు నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది. ఫార్మోటెరాల్ కూడా అంతే వేగంగా అందుకుని పన్నెండు గంటలు నిలుస్తుంది. సాల్మెటెరాల్‌కు మాత్రం పది ఇరవై నిమిషాలు పడుతుంది. అందుకే ఆయాసం వచ్చినప్పుడు సెరోఫ్లో పీల్చి ఎదురుచూడటం ప్రమాదం.

మస్కరినిక్ మందుల దారి వేరు. మెదడు నుంచి ఊపిరితిత్తులకు వచ్చే వేగస్ నాడి కొసల నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై, కండరం మీద ఉన్న ఎం-3 రిసెప్టర్‌ను తాకితే కండరం బిగుసుకుంటుంది. ఇప్రాట్రోపియం ఆ రిసెప్టర్‌కు అడ్డం కూర్చుంటుంది. కానీ ఉబ్బసంలో కండరాన్ని బిగించేది ఎసిటైల్‌కోలిన్ ఒక్కటే అయితే కదా! హిస్టమిన్, ల్యూకోట్రైన్లు అనే రసాయనాలు కూడా అదే పని చేస్తాయి, వాటిని ఇప్రాట్రోపియం ఆపలేదు. బీటా-2 మందు కండరాన్నే సడలిస్తుంది కాబట్టి ఏది బిగించినా పనికొస్తుంది. పైగా ఇప్రాట్రోపియం అందుకోవడానికి పావుగంట నుంచి అరగంట పడుతుంది. తీవ్రమైన దాడిలో సాల్బుటమాల్‌కు తోడుగా ఇవ్వడానికి అది మంచిదే, ఒంటరిగా దాన్నే నమ్ముకోవడానికి చాలదు.

డెరిఫిలిన్ లాంటివి బీటా-2 రిసెప్టర్‌ను ముట్టుకోవు. సైక్లిక్ ఏఎంపీని విరగ్గొట్టే ఫాస్ఫోడైఎస్టరేజ్ ఎంజైమును అడ్డుకుంటాయి. వీటిలో పనిచేసే మోతాదుకు, విషమయ్యే మోతాదుకు మధ్య ఎడం చాలా తక్కువ. జ్వరానికనో మూత్రంలో మంటకనో సిప్రోఫ్లాక్సాసిన్ మొదలుపెడితే రక్తంలో థియోఫిలిన్ పెరిగిపోతుంది. వాంతులు, గుండెదడ, ముదిరితే ఫిట్స్ వస్తాయి. ఈ మాత్ర వాడుతున్నారని ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా ముందే చెప్పండి.

మూడో అడుగు: మందును రిసెప్టర్ దాకా చేర్చండి

ఇక్కడే ఎక్కువ మంది నష్టపోతున్నారు. ఒక పఫ్‌లో ఉండే సాల్బుటమాల్ 100 మైక్రోగ్రాములు. సాల్బుటమాల్ మాత్ర 4 మిల్లీగ్రాములది ఒక్కటి వేసుకుంటే 40 పఫ్‌లకు సమానమైన మందు ఒళ్ళంతా తిరిగి, అందులో కొంచెమే ఊపిరితిత్తులకు చేరుతుంది. "ఇన్‌హేలర్ పవర్‌ఫుల్, మాత్ర సౌమ్యం" అన్న మాట పూర్తిగా తలకిందులు. అయితే పఫ్‌లోని మందు కూడా గొంతు వెనక గోడకు కొట్టుకుపోతే మాత్ర మింగినట్టే అవుతుంది.

స్పేసర్ (ఇన్‌హేలర్‌కూ నోటికీ మధ్య పెట్టే ప్లాస్టిక్ గొట్టం) ఉన్నా లేకున్నా, గ్యాస్ ఇన్‌హేలర్‌ను (నొక్కితే మందు తుంపరగా వచ్చేదాన్ని) ఇలా వాడండి.

1. మూత తీసి మౌత్‌పీస్ లోపల చూడండి. జేబులో, హ్యాండ్‌బ్యాగులో మూత లేకుండా తిరిగిన ఇన్‌హేలర్‌లో చెత్త చేరుతుంది.

2. నాలుగైదు సార్లు బాగా కుదపండి. చాలా ఇన్‌హేలర్లలో మందు ద్రవంలో కరిగి ఉండదు, పొడిగా తేలుతుంటుంది. కుదపకపోతే ఒక పఫ్‌లో ఎక్కువ, ఒక పఫ్‌లో తక్కువ వస్తుంది.

3. కొత్తదైనా, వారం రోజులుగా వాడకపోయినా రెండు పఫ్‌లు గాల్లోకి వదలండి.

4. నిటారుగా కూర్చుని, గడ్డం కొంచెం పైకెత్తి, ఊపిరి మెల్లగా బయటికి వదలండి. ఊపిరి నిండా ఉంటే మందుకు చోటెక్కడిది?

5. పళ్ళ మధ్య మౌత్‌పీస్ పెట్టి, పెదాలు గట్టిగా మూసి, మెల్లగా పీల్చడం మొదలుపెట్టి అప్పుడు నొక్కండి. ముందే నొక్కితే నోట్లో మిగిలిపోతుంది, ఆలస్యంగా నొక్కితే లోపలికి పోయే గాలి అయిపోతుంది. పీల్చడం మూడు నుంచి ఐదు సెకన్ల పాటు సాగాలి. గట్టిగా గుంజితే మందు గొంతులోనే పడిపోతుంది.

6. పది సెకన్లు ఊపిరి బిగబట్టండి. సన్నటి తుంపరలు నాళాల గోడల మీద దిగడానికి ఆ వ్యవధి కావాలి.

7. రెండో పఫ్ కావాలంటే అర నిమిషం నుంచి ఒక నిమిషం ఆగి, మళ్ళీ కుదిపి తీసుకోండి.

నొక్కగానే గొంతుకు చల్లగా తగిలి, పీల్చడం ఠక్కున ఆపేసేవాళ్ళు చాలామంది. స్పేసర్ పెడితే ఆ ఇబ్బంది పోతుంది, నొక్కడం పీల్చడం కలవకపోయినా ఫరవాలేదు. చిన్నపిల్లలకు మాస్క్ ఉన్న స్పేసర్ ముక్కునూ నోటినీ కప్పేలా ఆనించి, ఒక పఫ్ నొక్కి, ఐదారు సార్లు మామూలుగా ఊపిరి తీసుకోనివ్వండి. ఏడుస్తున్న పిల్లలకు మందు సరిగా అందదు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కొంచెం సముదాయించి ఇవ్వాలి. స్పేసర్‌లోకి ఎప్పుడూ ఒక్క పఫ్ మాత్రమే. రెండు మూడు ఒకేసారి నొక్కితే తుంపరలు ఒకదానికొకటి అతుక్కుని గోడకు అంటుకుంటాయి. స్పేసర్‌ను గోరువెచ్చని సబ్బు నీళ్ళలో కడిగి, తుడవకుండా ఆరబెట్టండి. గుడ్డతో రుద్దితే ప్లాస్టిక్ మీద స్థిర విద్యుత్తు చేరి మందును లాగేసుకుంటుంది.

రోటాక్యాప్ పొడిని పీల్చే రోటాహేలర్‌కు పద్ధతి వేరు. రోటాక్యాప్‌ను చదరపు రంధ్రంలో పెట్టి, తిప్పి, పొడి విడిపోయాక వేగంగా, గట్టిగా, లోతుగా పీల్చాలి. ఇక్కడ పొడిని లేపేది మీ ఊపిరి బలమే. పరికరంలోకి ఊపిరి వదలకండి, తేమకు పొడి గడ్డకడుతుంది. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో రోటాక్యాప్‌ల డబ్బా మూత గట్టిగా బిగించి, వంటగదికీ బాత్రూముకీ దూరంగా పెట్టండి. దాడి బాగా ముదిరినప్పుడు గట్టిగా పీల్చే శక్తి ఉండదు కాబట్టి, అత్యవసరానికి గ్యాస్ ఇన్‌హేలర్, స్పేసర్ ఇంట్లో ఉండి తీరాలి.

స్టీరాయిడ్ ఉన్న ఏ ఇన్‌హేలర్ తర్వాతైనా నోరు పుక్కిలించి ఊసేయండి. లేకపోతే నాలుక మీద తెల్లటి పూత, గొంతు బొంగురు వస్తాయి. డుయోలిన్ నెబ్యులైజర్ మాస్క్ వదులుగా ఉంటే ఇప్రాట్రోపియం ఆవిరి కళ్ళలోకి వెళ్ళి, కంటిపాప పెద్దదై చూపు మసకబారుతుంది. గ్లాకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్న పెద్దవాళ్ళకు అది పెద్ద ప్రమాదమే. వాళ్ళకు మాస్క్ బదులు మౌత్‌పీస్ పెట్టండి.

నాలుగో అడుగు: పఫ్‌లు లెక్కపెట్టండి

ఒక సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌లో సాధారణంగా 200 పఫ్‌లు ఉంటాయి. కొన్న తేదీ డబ్బా మీద పెన్నుతో రాయండి. కౌంటర్ లేని ఇన్‌హేలర్ 200 దాటాక కూడా బుస్సుమంటూనే ఉంటుంది, అందులో మందు మాత్రం సరిగా రాదు. నీళ్ళలో వేసి తేలుతుందో మునుగుతుందో చూడటం నమ్మదగ్గ పరీక్ష కాదు.

ఈ లెక్క ప్రాణాలకు సంబంధించినది. బెల్ అదేపనిగా మోగుతుంటే లోపలివాళ్ళు దాని వైరు పీకేస్తారు. కణం చేసేదీ అదే. తరచుగా ప్రేరేపించిన బీటా-2 రిసెప్టర్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తుంది, బీటా-అరెస్టిన్ అనే ప్రోటీన్ వచ్చి దానికి అతుక్కుంటుంది, రిసెప్టర్ లోపలికి లాగబడుతుంది. వాడకం ఇలాగే సాగితే మొత్తం రిసెప్టర్ల సంఖ్యే తగ్గుతుంది. ఒకటి రెండు వారాలు సాల్బుటమాల్‌ను రోజూ క్రమం తప్పకుండా వాడినా నాళాలు దుమ్ముకీ చల్లగాలికీ మరింత తేలిగ్గా బిగుసుకుంటాయి, మందు ప్రభావం తగ్గుతుంది. ఈలోగా లోపలి వాపు దానిపాటికది పెరుగుతూనే ఉంటుంది. పీల్చగానే హాయిగా ఉంటుంది కాబట్టి ఆ సంగతి మనకు తెలియదు.

ఏడాదికి మూడు, అంతకంటే ఎక్కువ సాల్బుటమాల్ ఇన్‌హేలర్లు ఖాళీ అవుతుంటే తీవ్రమైన దాడుల ముప్పు పెరుగుతుంది. పన్నెండు అంతకు మించితే మరణం ముప్పే పెరుగుతుంది. ఉబ్బసం చికిత్సకు ప్రపంచమంతా చూసే జీనా మార్గదర్శకాలు 2019లో, పెద్దవాళ్ళకూ కౌమారంలో ఉన్నవాళ్ళకూ సాల్బుటమాల్ ఒక్కదానితోనే చికిత్స చేయవద్దని తేల్చి చెప్పాయి. మెడికల్ షాపులో "మొన్నటి నీలం డబ్బా ఇవ్వండి" అని చీటీ లేకుండా కొనుక్కునే అలవాటు ఉంటే, ఇవాళే ఆపాల్సింది అదే.

రిసెప్టర్లను తిరిగి నిలబెట్టే మందు స్టీరాయిడ్. పీల్చే స్టీరాయిడ్ వాపును తగ్గించడంతో పాటు, కణంలో బీటా-2 రిసెప్టర్ జన్యువును ఎక్కువగా పనిచేయించి కొత్త రిసెప్టర్లు తయారయ్యేలా చేస్తుంది. "స్టీరాయిడ్ వద్దు, మామూలు ఇన్‌హేలర్ చాలు" అనుకునే వాళ్ళు తెలియకుండానే తమ నీలం ఇన్‌హేలర్ పదునును కూడా పోగొట్టుకుంటున్నారు.

ఐదో అడుగు: ఆయాసానికి ఏది పీల్చాలో డాక్టరుతో తేల్చుకోండి

ఫార్మోటెరాల్, బుడెసొనైడ్ కలిసిన ఇన్‌హేలర్‌ను రోజువారీకీ, ఆయాసం వచ్చినప్పుడూ వాడే పద్ధతి ఇప్పుడు పెద్దలకు మొదటి ఎంపిక. ఆయాసానికి పీల్చిన ప్రతిసారీ స్టీరాయిడ్ కూడా లోపలికి వెళ్తుంది. 200/6 బలం (బుడెసొనైడ్ 200, ఫార్మోటెరాల్ 6 మైక్రోగ్రాములు) ఉన్నదైతే ఒక్కో పీల్పు తర్వాత కొన్ని నిమిషాలు ఆగి చూస్తూ, ఒక విడతలో ఆరు మించకుండా, రోజుకు రోజువారీ మోతాదుతో కలిపి పన్నెండు మించకుండా వాడాలి. ఈ పద్ధతి డాక్టరు మీకు రాసిచ్చాకే మొదలుపెట్టండి. సెరోఫ్లోకు ఇది వర్తించదు, అది ఉదయం సాయంత్రం మాత్రమే. సాల్మెటెరాల్ గానీ ఫార్మోటెరాల్ గానీ స్టీరాయిడ్ లేకుండా ఒంటరిగా ఉబ్బసానికి వాడకూడదు.

అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్ళే పెద్దవాళ్ళకు ఒక మాట. అక్కడ సాల్బుటమాల్‌ను ఆల్బుటెరాల్ అంటారు, పఫ్‌కు 90 మైక్రోగ్రాములని ఉంటుంది. కొలిచే చోటు వేరు, మందు అదే. చీటీ లేకుండా అక్కడ ఇవ్వరు కాబట్టి ప్రయాణానికి సరిపడా ఇక్కడి నుంచే తీసుకెళ్ళండి.

ఆరో అడుగు: బీటా-2 రిసెప్టర్‌కు అడ్డుపడే మందులు వెతకండి

మళ్ళీ మందుల డబ్బా దగ్గరకు రండి. ఈసారి ఉబ్బసానికి సంబంధం లేని మందులు చూడాలి. ప్రొప్రనలాల్ బీటా రిసెప్టర్లన్నింటినీ మూసేస్తుంది. మైగ్రేన్, చేతుల వణుకు, థైరాయిడ్ దడ, స్టేజి భయం, వీటిలో దేనికైనా అది రాసి ఉండవచ్చు. మైగ్రేన్ మాత్రల్లో ఫ్లునరిజైన్‌తో కలిపి కూడా వస్తుంది. గ్లాకోమాకు వేసే టిమోలాల్ కంటి చుక్కలు మరీ మోసం చేస్తాయి. "కంట్లో చుక్కే కదా" అనుకుంటాం గానీ, అది కన్నీటి నాళం గుండా ముక్కులోకి దిగి నేరుగా రక్తంలో కలుస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళలో ఒక్క చుక్క కూడా దాడి తేగలదు. అప్పుడు సాల్బుటమాల్ పీల్చినా రిసెప్టర్ మూసి ఉంటుంది కాబట్టి సరిగా పనిచేయదు. గుండెకు వాడే మెటోప్రొలాల్, బిసోప్రొలాల్ ముఖ్యంగా బీటా-1 మీద పనిచేస్తాయి. వాటిని మీ అంతట మీరు ఆపకండి, గుండె డాక్టరుకు ఉబ్బసం సంగతి చెప్పండి.

ఉమ్మెత్త ఆకు పొగ గురించి కూడా చెప్పాలి. ఉమ్మెత్తలో ఉండే అట్రోపిన్ మస్కరినిక్ రిసెప్టర్‌ను అడ్డుకుంటుంది, కాబట్టి ఆ పాత వైద్యంలో నిజం ఉంది. అయితే ఏ ఆకులో ఎంత ఉందో తెలియదు, ఎక్కువైతే మతి భ్రమిస్తుంది, గుండె లయ తప్పుతుంది. దాన్ని సురక్షితంగా మలిచిన రూపమే ఇప్రాట్రోపియం, అది చేతిలో ఉండగా ఆకు జోలికి వెళ్ళవద్దు. మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో చేప ప్రసాదానికి వెళ్ళేవాళ్ళు ఆ రద్దీలో ఇన్‌హేలర్ జేబులోనే ఉంచుకోండి. ప్రసాదం తీసుకున్నామని స్టీరాయిడ్ ఇన్‌హేలర్ ఆపవద్దు. ఆపిన కొన్ని వారాల తర్వాత దాడి వస్తే, ఆపిన సంగతే ఎవరికీ గుర్తుండదు.

ఏడో అడుగు: దాడి వస్తే

కూర్చోబెట్టండి, పడుకోబెట్టకండి. స్పేసర్‌తో సాల్బుటమాల్ నాలుగు పఫ్‌లు ఇవ్వండి. ఒక్కోసారి ఒక్కటే, ప్రతి పఫ్‌కు నాలుగు ఊపిర్లు. నాలుగు నిమిషాలు ఆగండి. తగ్గకపోతే 108కి ఫోన్ చేసి మళ్ళీ నాలుగు ఇవ్వండి, అంబులెన్స్ వచ్చేదాకా అలాగే కొనసాగించండి. ఇంట్లో నెబ్యులైజర్ లేదని కంగారుపడనక్కర్లేదు, స్పేసర్‌తో సరిగా ఇచ్చిన పఫ్‌లు దానికి తీసిపోవు.

మొదటి పఫ్‌తో పాటే 108కి ఫోన్ చేయాల్సిన పరిస్థితులు ఉన్నాయి: ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం, పెదాలు నీలిరంగుకు తిరగడం, మగతగా ఉండటం, పిల్లల్లో పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుకుపోవడం, ఆక్సిజన్ 92 కంటే తగ్గడం. పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి మనిషి ఇంకా రొప్పుతుంటే, తగ్గిందనుకోవద్దు. కూత రావడానికి కూడా గాలి ఆడటం లేదని దానర్థం. మందు పనిచేసి ఆయాసం తగ్గినా, నాలుగు గంటలు గడవకుండానే మళ్ళీ పఫ్ కావాల్సి వస్తే అదే రోజు డాక్టరును చూడండి.

ఆస్పత్రిలో దిగగానే మూడు సంగతులు చెప్పండి: ఎన్ని గంటల నుంచి ఎన్ని పఫ్‌లు ఇచ్చారు, డెరిఫిలిన్ లాంటి మాత్ర ఆ రోజు వేసుకున్నారా, ప్రొప్రనలాల్ గానీ టిమోలాల్ గానీ వాడుతున్నారా. సాల్బుటమాల్ మోతాదు పెరిగితే రక్తంలో పొటాషియం తగ్గుతుంది, థియోఫిలిన్ కూడా తోడైతే గుండె లయ తప్పే ముప్పు ఉంది. డ్యూటీ డాక్టరు ఇంజక్షన్ రాసేముందు ఈ మూడూ ఆయన చెవిన పడాలి. మీరు చేసిన గుంపుల జాబితాను ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉంచండి.